ముద్ద ముద్దకీ మంచినీళ్ళు



పెద్దాపురంలో గానీ, సామర్లకోటలో గానీ, జగ్గంపేటలో గానీ "ఇస్నోఫీలియా" అన్న మాట వినని ఇల్లు ఉండదు. తెల్లవారుజామున తుమ్ములు పట్టుకుంటే ఇస్నోఫీలియా. మంచుకాలంలో పొడిదగ్గు వదలకపోతే ఇస్నోఫీలియా. రక్తపరీక్ష కాగితంలో ఇసినోఫిల్ అనే కణాల శాతం పెరిగి కనిపించగానే "అదేనండీ, మా నాన్నగారిక్కూడా ఉండేది" అని ఇంటిల్లిపాదీ ఒప్పేసుకుంటారు. బోదకాలూ, నులిపురుగులూ ఎక్కువగా చూసిన ప్రాంతం కాబట్టి ఆ కణాలతో మనకి పరిచయం పాతదే. ముక్కులోనూ, ఊపిరితిత్తుల్లోనూ అవి పెట్టే బాధ మనకి తెలుసు. అవే కణాలు అన్ననాళం గోడలోకి చేరి, తిన్న ముద్దని కిందికి దిగనివ్వకుండా చేసే జబ్బు ఒకటుంది. దాని సంగతి మాత్రం మన ఇళ్ళదాకా ఇంకా రాలేదు. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

డాక్టర్లు దాన్ని ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటారు. మనం అన్ననాళం ఎలర్జీ అనుకుందాం. గొంతు దగ్గర మొదలై పొట్టలోకి దిగే ఈ గొట్టం పెద్దవాళ్ళలో సుమారు 25 సెంటీమీటర్ల పొడుగుంటుంది. పేగుల్లో ఇసినోఫిల్ కణాలు కొన్ని ఉండడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న అన్ననాళం పొరలో మాత్రం అవి కనిపించవు. పాలలోనో, గోధుమలోనో, గుడ్డులోనో ఉన్న ప్రోటీన్ ఒంటికి పడని కొందరిలో ఈ కణాలు గుంపులు గుంపులుగా అక్కడికి చేరతాయి. పొర వాస్తుంది. ఆ వాపు ఏళ్ళతరబడి అలాగే ఉంటే లోపల మచ్చ కట్టి, సాగాల్సిన గొట్టం ఎండలో వదిలేసిన సైకిల్ ట్యూబులా బిరుసెక్కుతుంది, సన్నబడుతుంది. లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్ల కంటే తగ్గిందంటే గట్టి తిండి దిగడం కష్టమే.

వేరుశెనగపప్పు తిన్న పావుగంటలో దద్దుర్లు తేలి పెదాలు వాచే ఎలర్జీ వేరు. ఇది అంత వేగంగా బయటపడదు. ఇవాళ తాగిన పాలకీ, వచ్చే నెల ఆగిపోయే ముద్దకీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికి తడుతుంది?

వైద్యులకి కూడా చాలాకాలం తట్టలేదు. 1993లో స్టీఫెన్ ఆట్‌వుడ్ బృందం 12 మంది పెద్దవాళ్ళలో, మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రామన్ బృందం 10 మందిలో దీన్ని విడి జబ్బుగా గుర్తించి రాశాయి. 1995లో అమెరికాలో 10 మంది పిల్లలకి మామూలు తిండి ఆపి, ప్రోటీన్ బదులు అమైనో ఆమ్లాలు కలిపిన ద్రవాహారం మాత్రమే ఇచ్చి చూశారు. అప్పటిదాకా మందులకి లొంగని వాంతులూ, నొప్పీ అందరిలోనూ తగ్గాయి. తిండిలోనే కారణం ఉందని అలా రుజువైంది. ఇప్పుడు అమెరికాలో సుమారు 700 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉందని అంచనా. మన దేశంలో అరుదని పుస్తకాలు చెబుతాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఛాతీమంట, పులితేన్పులతో వచ్చినవాళ్ళని పరీక్షిస్తే నూటికి సుమారు ముగ్గురిలో ఇది బయటపడింది. అరుదన్న మాటని నేను తేలిగ్గా ఒప్పుకోను. ఎండోస్కోపీలో అన్ననాళం పొరనుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెడితేగానీ తేలని జబ్బు ఇది. ముక్క తీయని చోట అది అరుదుగానే కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడంలో అసలు చిక్కు ఏమిటంటే, ఇది ఒక్కో వయసులో ఒక్కోలా కనిపిస్తుంది. ప్రతి వయసుకీ మన ఇళ్ళల్లో ముందే ఒక సమాధానం ఉంటుంది.

పసిబిడ్డ దగ్గర మొదలుపెడదాం. పాలు పట్టగానే కక్కుతుంది, వీపు విల్లులా వంచి ఏడుస్తుంది, రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగి తల తిప్పేసుకుంటుంది. "దిష్టి తగిలిందమ్మా" అంటారు అమ్మమ్మగారు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు. నెలల పిల్లలు పాలు కక్కడం చాలామట్టుకు మామూలు విషయమే, బరువు బాగా పెరుగుతుంటే ఏ భయమూ లేదు. కక్కుతూ, తాగనని మొండికేస్తూ, అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి పోకుండా ఆగిపోతే మాత్రం దిష్టి తీసి ఊరుకోకూడదు. ఒంటిమీద గజ్జిలాంటి పొక్కులు, అంటే ఎగ్జిమా కూడా ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఈ అనుమానంతో తల్లిపాలు మాన్పించకండి. అవసరమైతే తల్లి తినే తిండిలో ఏం మార్చాలో పిల్లల డాక్టరు చెబుతారు.

అన్నప్రాశన అయ్యాక రెండో దశ. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. మెత్తగా మెదిపిన పప్పన్నం తింటాడు, కాస్త పలుకు తగిలితే ఓకరిస్తాడు. ఇడ్లీ తింటాడు, గారె ముట్టడు. ముద్దని బుగ్గలో పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటాడు. గిన్నె పట్టుకుని వీధిలో కాకినీ, ఆవునీ చూపిస్తూ వెంటపడి తినిపించే తల్లి అలిసిపోతుంది. "అన్నం తినడండి, పాలమీదే బతుకుతున్నాడండి" అంటుంది. తినడు గదా అని ఇంకో గ్లాసు పాలు పడుతుంది. ఈ జబ్బుకి కారణమయ్యే తిండ్లలో అన్నింటికంటే ముందున్నవి పాలే. మింగడం కష్టమై అన్నం వద్దంటున్న బిడ్డకి, ఆ కష్టాన్ని పెంచే పదార్థాన్నే ప్రేమగా ఇంకాస్త పోస్తున్నామన్నమాట. అన్నం తినని ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉందని కాదు నేననేది. రెండో ఏడు దాటాక కూడా నమిలి తినేవాటిని చూసి భయపడే పిల్లవాణ్ణి గారాబం ఎక్కువైందని తిట్టేముందు, ఒక్కసారి డాక్టరుకి చూపించమంటున్నాను.

బడి వయసులో మింగడం గురించి పిల్లలు చెప్పరు, చెప్పడం వాళ్ళకి రాదు. "బొడ్డు దగ్గర నొప్పి" అంటారు. వారానికి రెండు మూడు సార్లు వాంతి అవుతుంది. నులిపురుగుల మందు వేస్తాం, తగ్గదు. బడి ఎగ్గొట్టడానికి వేషాలంటాం. ఇక్కడ ఉపాధ్యాయులు చేయగలిగింది ఉంది. డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన మధ్యాహ్న భోజనం దగ్గర పంక్తి అంతా లేచి చేతులు కడుక్కున్నాక కూడా కూర్చుని ఉండే పిల్ల ఎవరు? గుడ్డుని చిదిపి చిదిపి అన్నంలో కలిపేది ఎవరు? చిక్కీని ఎప్పుడూ పక్కవాడికిచ్చేసేది ఎవరు? ఆ పిల్లకి ఉబ్బసమో, ఎప్పుడూ కారే ముక్కో కూడా ఉంటే తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పండి. ఈ జబ్బున్నవాళ్ళలో సగానికి పైగా ఏదో ఒక ఎలర్జీ కూడా ఉన్నవాళ్ళే. మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్ల ఒకరుంటే మగపిల్లలు ముగ్గురు ఉంటారు.

పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి పొట్టనొప్పి వెనక్కి తగ్గి, మింగడంలో ఇబ్బంది ముందుకొస్తుంది. అయినా "మింగేటప్పుడు కష్టంగా ఉందా బాబూ?" అని అడిగితే "లేదండి" అనే చెబుతాడు. అబద్ధం కాదది. పుట్టినప్పటినుంచీ అంతే కాబట్టి అందరికీ అలాగే ఉంటుందనుకుంటాడు. పైగా తనకి తెలియకుండానే తిండిని మార్చేసుకుని ఉంటాడు.

గోదావరి జిల్లాల భోజనంలో ఈ మార్పు ఎవరి కంటికీ ఆనదు. అన్నం మెత్తగా వండుతాం. పప్పూ నెయ్యీ కలుపుతాం, పులుసు పోసుకుంటాం, చారు జారుగా కలుపుకుంటాం, చివర మజ్జిగతో ముగిస్తాం. విస్తట్లో ప్రతి ముద్దా తడిగానే ఉంటుంది. గొట్టం సగం మూసుకుపోయినా చారన్నం జారిపోతుంది. రొట్టె, మాంసం నమిలి మింగే చోట ఈ జబ్బు త్వరగా బయటపడుతుంది, మన విస్తరి దాన్ని ఏళ్ళకేళ్ళు దాచిపెట్టగలదు. అది బయటపడేది పిల్లవాడు ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరాక. అక్కడ రాత్రిపూట చపాతీ పెడతారు, ఇరవై నిమిషాల్లో తిని లేవాలి. వాడు చపాతీ వదిలేసి పెరుగన్నం తిని పడుకుంటాడు. చిక్కిపోయి దసరాకి ఇంటికొస్తే చదువు బెంగ అనుకుంటాం.

అందుకే ప్రశ్న మార్చి అడగాలి. భోజనానికి ఎంతసేపు పడుతుంది? ముద్ద ముద్దకీ మంచినీళ్ళు తాగుతున్నావా? మాంసం ముక్కని పీచు పీచుగా విడదీసుకుంటావా? అందరూ ఆగిపోయాక కూడా నమలుతూనే ఉంటావా? చపాతీ, పరోటా, ఎండిన బ్రెడ్డు ఎన్నాళ్ళనుంచి తినడం లేదు? జ్వరం మాత్ర మింగగలవా, పొడి చేసి తేనెలో నాకుతావా? పెళ్ళిభోజనానికి రమ్మంటే ఏదో వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోతున్నావా? "ఇబ్బంది ఏమీ లేదండి" అన్నవాడే వీటిలో నాలుగింటికి అవునంటాడు.

ఇక ఇరవై నుంచి నలభై ఏళ్ళవాళ్ళు. వీళ్ళని ఆసుపత్రికి తీసుకొచ్చేది అడ్డుపడిన ముక్క. ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకి మా పెద్దాపురంలో ఇంటింటా చుట్టాలు, మాంసం వంటలు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు కబుర్ల మధ్య వేటమాంసం ముక్క ఒకటి సరిగ్గా నమలకుండా మింగాడనుకోండి. అది ఛాతీ నడుమ ఆగిపోతుంది. నీళ్ళు తాగితే నీళ్ళూ తిరిగొచ్చేస్తాయి. కాసేపటికి ఉమ్మి కూడా మింగలేక గిన్నె పట్టుకుని కూర్చుంటాడు. గుండెపోటేమోనని ఇల్లంతా కంగారు.

ఇక్కడ రెండు వేరు వేరు ప్రమాదాలున్నాయి, చేయాల్సింది కూడా వేరు. గాలిగొట్టంలో అడ్డుపడితే మనిషి మాట్లాడలేడు, ఊపిరి ఆడదు, మొహం నల్లబడుతుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగకూడదు. ముందుకి వంచి వీపుమీద, భుజాల రెక్కల మధ్య, అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. తగ్గకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. అడ్డు తొలిగేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే, పక్కవాళ్ళతో 108కి ఫోన్ చేయించాలి. ఏడాదిలోపు పసిబిడ్డకి మాత్రం పొట్ట నొక్కకూడదు. బోర్లా ముంజేతిమీద తల కిందుగా పెట్టుకుని వీపు తట్టడం, తిప్పి రొమ్ము ఎముక మీద నొక్కడం, అంతే. అన్ననాళంలో ఆగినప్పుడు మనిషి మాట్లాడతాడు, ఊపిరి ఆడుతుంది, మింగలేడు. ఆ మనిషికి వీపు కొట్టడం వల్ల ఉపయోగం లేదు. చేప ముల్లు గుచ్చుకున్నప్పుడు చేసినట్టు ఉత్త అన్నం ముద్దో, అరటిపండో మింగించి తోసేయాలని చూడకండి. ఉన్న అడ్డుమీద ఇంకో అడ్డు పెట్టినట్టవుతుంది. బలవంతంగా వాంతి చేయించకండి, వాచి పెళుసుబారిన అన్ననాళం చిరిగే ప్రమాదం ఉంది. ఉమ్మి కూడా మింగలేకపోతే వెంటనే ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాకినాడ మనకి దగ్గరే, ఇటు రాజమహేంద్రవరం ఉంది. ఉమ్మి దిగుతున్నా ముక్క కదలకపోతే 24 గంటల్లోపు తీయించాల్సిందే.

ముక్క బయటికి రాగానే "హమ్మయ్య" అని ఇంటికొచ్చేస్తారు. ఆ మనిషికి అన్ననాళం ఎందుకు పట్టేసిందన్న ప్రశ్న అక్కడితో పోతుంది. అలా పోనివ్వకండి. అదే ఎండోస్కోపీలో, వీలుకాకపోతే కొద్దిరోజుల తర్వాత ఇంకోసారి, పరీక్షకి చిన్న ముక్కలు తీయమని మీరే అడగండి. పైనా కిందా రెండు చోట్ల కలిపి కనీసం ఆరు తీయాలి, ఎందుకంటే ఈ కణాలు అన్ని చోట్లా సమంగా ఉండవు. కొందరిలో ఉంగరాల్లాంటి మడతలూ, నిలువు చాళ్ళూ, తెల్లటి చుక్కలూ కళ్ళకే కనిపిస్తాయి. మరికొందరిలో పైకి మామూలుగానే ఉంటుంది. మైక్రోస్కోపు పెద్ద లెన్సు కింద ఒక్క చూపు మేరలో 15 గానీ అంతకుమించి గానీ ఇసినోఫిల్ కణాలు కనిపిస్తే, లక్షణాలూ ఉండి, వేరే కారణం లేకపోతే జబ్బు ఇదేనని తేలుస్తారు. రక్తపరీక్షలో ఇస్నోఫీలియా ఉన్నంతమాత్రాన అన్ననాళంలో ఉన్నట్టు కాదు, రక్తంలో లేనంతమాత్రాన అక్కడ లేనట్టూ కాదు.

యాభై, అరవై దాటినవాళ్ళ గురించి విడిగా చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా మెల్లగా తినే అలవాటున్న పెద్దాయన సంగతి వేరు. మొన్న మొన్నటిదాకా హాయిగా తిని, రెండు మూడు నెలలుగా ముద్ద ఆగుతోంది, ముందు గట్టి తిండి, తర్వాత మెత్తటిది కూడా, ఒళ్ళు తగ్గుతోంది అంటే, ముందు ఆలోచించాల్సింది క్యాన్సర్ గురించి. చుట్ట, బీడీ, ఖైనీ, మందు అలవాటుంటే మరీను. అలాంటి మనిషికి ఎలర్జీ అని కబుర్లు చెబుతూ కాలయాపన చేయకూడదు, ఆ వారంలోనే ఎండోస్కోపీ చేయించాలి.

ఆలస్యానికి ఖరీదెంతో స్విట్జర్లాండ్ వైద్యులు 200 మంది రోగుల్ని పరిశీలించి 2013లో లెక్క చెప్పారు. లక్షణాలు మొదలైన రెండేళ్ళలోపు జబ్బు కనుక్కున్నవాళ్ళలో అన్ననాళం ఇరుకైనది 17 శాతానికి. ఇరవై ఏళ్ళు దాటాక కనుక్కున్నవాళ్ళలో 71 శాతానికి. హాస్టల్లో చపాతీ వదిలేసిన కుర్రవాడికీ, జాతర భోజనంలో ముక్క ఇరుక్కున్న మనిషికీ మధ్య పోయిన కాలం అదే.

వైద్యం ఉంది. పూర్తిగా మాయమయ్యే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవచ్చు. మన మందులషాపుల్లో గ్యాస్ మాత్రలని అడిగి కొనుక్కునే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటివే డాక్టరు చెప్పిన మోతాదులో వారాలపాటు వాడితే కొంతమందిలో వాపు నిజంగానే తగ్గుతుంది. అనిపించినప్పుడు ఒకటి వేసుకుని ఆపేస్తే మాత్రం వాపూ తగ్గదు, జబ్బూ బయటపడదు. రెండోది, ఉబ్బసానికి వాడే బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ మందుల్నే పీల్చకుండా మింగించడం. మింగాక అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, మందు అన్ననాళం గోడకి అంటుకుని ఉండాలి. గొట్టం బాగా ఇరుకైపోతే ఎండోస్కోపీ ద్వారా మెల్లమెల్లగా వెడల్పు చేస్తారు. వీటికి లొంగనివాళ్ళకి డుపిలుమాబ్ అనే ఇంజెక్షను వచ్చింది. అమెరికాలో 2022లో 12 ఏళ్ళు దాటినవాళ్ళకి, 2024లో ఏడాది నిండి కనీసం 15 కిలోల బరువున్న పిల్లలకి కూడా అనుమతించారు. చాలా ఖరీదైన మందు.

మందుల్లేకుండా తిండి మార్చి చూసే దారి కూడా ఉంది. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజపప్పులు, చేపలూ రొయ్యలూ, ఈ ఆరింటినీ ఒకేసారి మాన్పించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ఎండోస్కోపీతో చూసుకుంటూ రావడం పాత పద్ధతి. 2023లో అమెరికాలో పెద్దవాళ్ళలో చేసిన పరిశోధనలో ఆరూ మానినవాళ్ళలో 40 శాతానికి, ఒక్క పాలు మానినవాళ్ళలో 34 శాతానికి వాపు తగ్గింది. ముందు పాలతో మొదలుపెట్టడం నాకు సబబుగా తోస్తుంది. చర్మంమీద సూదితో గీసి చూసే పరీక్షలూ, వేలు పోసి చేయించే ఎలర్జీ రక్తపరీక్షలూ ఈ జబ్బులో ఏ తిండి పడదో నమ్మకంగా చెప్పలేవు.

మన దగ్గర గోధుమ మానడం తేలిక, వరి పండే నేల మనది. తాపేశ్వరం కాజా ఒక్కటే బెంగ పెడుతుంది. పాలు మానడమే కష్టం. పాలంటే పెరుగూ, మజ్జిగా, కోవా, పాలపొడి కలిసిన బిస్కెట్టు కూడా. మజ్జిగ లేకుండా విస్తరి ముందునుంచి లేవమంటే మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఆవుపాలు పడకపోతే గేదెపాలు, అవీ పడకపోతే మేకపాలు అంటారు. వీటి ప్రోటీన్లు ఒకదానికొకటి దగ్గర పోలిక, కాబట్టి పాడి మార్చి లాభం లేదు. కొబ్బరిపాలు రుచిగా ఉంటాయి గానీ ఎదిగే పిల్లలకి కావలసిన ప్రోటీన్ వాటిలో లేదు. రాగులు, నువ్వులు, ములగాకు, కందిపప్పు, మాంసం, ఏది ఎంత పెట్టాలో లెక్క వేయించుకోవాలి. నా మాట విని రేపటినుంచి పిల్లలకి పాలు ఆపేయకండి. జబ్బు తేలకముందు ఆపితే పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చు, పిల్ల ఎదుగుదలా దెబ్బతింటుంది. చిన్నపిల్లల ఎండోస్కోపీకి మత్తివ్వాలి, అందుకు తగ్గ పిల్లల గ్యాస్ట్రో వైద్యులు విశాఖపట్నంలో, హైదరాబాదులో ఉన్నారు.

వైద్యం మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి మళ్ళీ ఎండోస్కోపీ చేసి ముక్క పరీక్షించాలంటే చాలామంది "బాగానే ఉంది గదండీ, మళ్ళీ ఎందుకు?" అంటారు. బాధ తగ్గినా లోపల వాపు ఉండొచ్చు. ముద్దకి ముద్దకి నీళ్ళు తాగి నెట్టుకొచ్చిన మనిషికి బాధ తెలియకపోవడం కొత్త కాదు.

ఇంకొక్క మాట. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. ఇంట్లో ఒక పిల్లవాడికి తేలితే అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని, ముఖ్యంగా తండ్రిని ఇందాక చెప్పిన ప్రశ్నలే అడగండి. కొడుకు కాగితాలు పట్టుకుని డాక్టరు ఎదురుగా కూర్చున్న తండ్రి, తను పరోటా మానేసి ఎన్నేళ్ళయిందో అక్కడే మొదటిసారి లెక్క వేసుకోవచ్చు. ఆయన పేరుమీద కూడా ఒక చీటీ రాయించండి.